ఫార్మాట్ కొట్టడం వైద్యం కాదు

మా గోదావరిఖనిలో కంప్యూటర్‌కి ఏ జబ్బు చేసినా మందు ఒక్కటే... ఫార్మాట్. స్లో అయిందా, ఫార్మాట్. వైరస్ వచ్చిందా, ఫార్మాట్. ప్రింటర్ పని చేయట్లేదా, ఎందుకైనా మంచిదని ఒక ఫార్మాట్. ఇది మా ఊరి గొప్పేం కాదు లెండి, ఏ ఊళ్ళో అయినా ఇంతే. కాకపోతే నాకు బాగా తెలిసిన ఊరు ఇదే కాబట్టి దీని గురించే రాస్తాను. అందులోనూ ఒక్క జబ్బు గురించే: ఎడిటింగ్ అంతా అయిపోయాక, ఎక్స్‌పోర్ట్ పెడితే సాఫ్ట్‌వేర్ క్రాష్ అవడం.

కోడు రాసుకునేవాడికి పెళ్ళి వీడియోల గొడవ ఎందుకు అంటారా? పండక్కి ఊరెళ్ళిన ప్రతిసారీ నాకు ఎదురయ్యే ప్రశ్న ఇదే మరి. "అన్నా, నువ్వు సాఫ్ట్‌వేరే కదనే, ఎక్స్‌పోర్ట్ పెడితే బందయితాంది, జర చూడరాదే" అంటారు. మన జనం దృష్టిలో సాఫ్ట్‌వేర్ అంటే సాఫ్ట్‌వేరే. బ్యాంకు సాఫ్ట్‌వేర్ రాసేవాడికి వీడియో సాఫ్ట్‌వేర్ రాదంటే నమ్మరు, పైగా టెక్కు అనుకుంటారు :) అలా చూస్తూ చూస్తూ నాకొక అభిప్రాయం ఏర్పడింది. దాన్ని ముందే చెప్పేస్తాను: ఎక్స్‌పోర్ట్ ఆగిపోయినప్పుడు ఫార్మాట్ కొట్టడం వైద్యం కాదు, సాక్ష్యం చెరపడం. కొన్నిసార్లు సాక్ష్యంతో పాటు సొమ్ము కూడా పోతుంది.

ఇదంత పెద్ద విషయమా అంటే, మా దగ్గర పెద్ద విషయమే. సింగరేణిలో 1990ల మొదట్లో లక్ష దాటి ఉన్న కార్మికులు ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉన్నారు. ఒకప్పుడు తండ్రి తరువాత కొడుకు బొగ్గుబాయిలోకి దిగిన ఇళ్ళలో ఇప్పుడు అందరికీ ఆ దారి లేదు. అలా మిగిలిన పిల్లలు ఆటో కొన్నారు, మొబైల్ షాపు పెట్టారు, హైదరాబాద్ బస్సెక్కారు. కొందరు కెమెరా పట్టారు. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, ఇంకా మా దగ్గర ప్రత్యేకంగా రిటైర్మెంట్ ఫంక్షన్లు. ముప్పై అయిదేళ్ళు భూమి లోపల పని చేసి ప్రాణాలతో బయటికొచ్చిన మనిషికి చేసే సన్మానం అది, పెళ్ళికి ఏమాత్రం తీసిపోదు. ఇవి కాక జానపద పాటలు, షార్ట్ ఫిల్ములు. పక్క జగిత్యాల జిల్లాలో లంబాడిపల్లి అనే చిన్న ఊరి నుంచి 2012లో మొదలైన మై విలేజ్ షో ఎంత దూరం వెళ్ళిందో, గంగవ్వ 2020లో బిగ్‌బాస్ దాకా ఎలా వెళ్ళిందో అందరికీ తెలిసిందే. అది చూసి కెమెరా కొన్న కుర్రాళ్ళు మా చుట్టుపక్కల ప్రతి కాలనీలో ఉన్నారు. వీళ్ళందరి బతుకూ చివరికి వచ్చి ఆగేది ఒక్క నీలం గీత దగ్గర... ఎక్స్‌పోర్ట్ ప్రోగ్రెస్ బార్.

ఆ గీత దగ్గరే ఎందుకు ఆగుతుంది? "ఎడిటింగ్ చేసినప్పుడు మంచిగనే నడిచింది కదన్నా" అంటారు. నిజమే, నడిచింది. కానీ నడిచినట్టు కనిపించింది అనాలి. ఎడిట్ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ మనకు చూపించేది చాలావరకు సర్దుబాటు. బొమ్మ నాణ్యత తగ్గించి చూపిస్తుంది, అందుకోలేకపోతే మధ్యలో కొన్ని ఫ్రేములు వదిలేస్తుంది. ఎక్స్‌పోర్ట్‌లో ఆ వెసులుబాటు లేదు. మూడు గంటల పెళ్ళి వీడియో, సెకనుకి 25 ఫ్రేములు అనుకుంటే మొత్తం 2 లక్షల 70 వేల ఫ్రేములు. ఒక్కటి కూడా వదలకుండా ప్రతిదాన్నీ విప్పాలి, ఎఫెక్టు వేయాలి, టైటిల్ అతికించాలి, మళ్ళీ కుదించి డిస్కులో రాయాలి. ఇవన్నీ ఒకేసారి, గంటల తరబడి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, మెమరీ, హార్డ్ డిస్క్, పవర్ సప్లై... అన్నీ కలిసి పూర్తి బరువు మోసేది ఆ కాసేపే. కాబట్టి గొలుసులో ఎక్కడ బలహీనంగా ఉన్నా అది బయటపడేది ఇక్కడే. తప్పు ఎప్పుడో జరిగి ఉంటుంది, బయటపడేది మాత్రం చివర్లో. చివర్లో కనిపించింది కాబట్టి చివరి మెట్టుదే తప్పు అనుకోవడం దగ్గరే మన తిప్పలన్నీ మొదలవుతాయి.

ఇక్కడో ఉదాహరణ చెప్తాను. తెలిసిన కుర్రాడు ఒకడు చిన్న స్టూడియో నడుపుతాడు. మూడు గంటల పెళ్ళి వీడియో. ఎక్స్‌పోర్ట్ పెడితే 41 శాతం దగ్గర ఆగిపోతోంది. నాలుగుసార్లు పెట్టాడు, నాలుగుసార్లూ 41. రిపేరు షాపుకి తీసుకెళ్ళాడు. "విండోస్ కరప్టయింది, ఫార్మాట్ కొట్టాలె, ఐదు వందలు" అన్నారు. కొట్టారు. సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించారు. ఇంటికి తెచ్చి పెడితే మళ్ళీ 41. ఒక్క నిమిషం ఇక్కడ ఆగి ఆలోచించండి. విండోస్ మొత్తం కొత్తది, సాఫ్ట్‌వేర్ కొత్తగా ఎక్కించింది, అయినా అదే 41. అంటే తప్పు విండోస్‌ది కాదని, ప్రాజెక్టులోనే ఏదో ఉందని మొదటి ఫార్మాట్‌తోనే తేలిపోయింది. కానీ ఎవరూ ఆ మాట వినిపించుకోలేదు. "పోయినసారి సీ డ్రైవే కొట్టినం, ఈసారి మొత్తం కొడదాం" అని రెండోసారి పార్టిషన్లు కూడా తీసేసి కొట్టారు. పెళ్ళి ప్రాజెక్టు కాపీ ఎక్స్‌టర్నల్ డిస్కులో ఉంది కాబట్టి బతికింది. డీ డ్రైవులో ఇంకా ఎడిట్ చేయని ఒక రిటైర్మెంట్ ఫంక్షన్ ఫుటేజీ ఉంది. అది పోయింది. కెమెరా కార్డులు అప్పటికే వేరే ఫంక్షన్‌కి వాడేశారు.

ఆ పెద్దాయన సర్వీసు 36 ఏళ్ళు. ఆఖరి షిఫ్టు ముగించి బయటికి రావడం, తోటివాళ్ళు దండలు వేసి భుజాల మీద ఎత్తుకోవడం, ఇంటి గడప దగ్గర భార్య హారతి ఇవ్వడం... అన్నీ అందులోనే ఉన్నాయి. ఆయన దిగిపోయేది ఒక్కసారే కదా, మళ్ళీ తీయించుకుందాం అనడానికి లేదు. కుర్రాడు డబ్బులు వాపసు ఇచ్చాడు. ఆ కుటుంబం గొడవ కూడా చేయలేదట. గొడవ చేసినా బాగుండేది అన్నాడు వాడు.

తరువాత ఆ పెళ్ళి ప్రాజెక్టు నేను చూశాను. సగానికి సగం కోస్తూ ఎనిమిది ప్రయత్నాల్లో దొరికింది: బరాత్ డాన్సు మధ్యలో ఒక 30 సెకన్ల క్లిప్పు. పెళ్ళికూతురి బంధువు ఫోన్‌లో తీసి చాట్‌లో పంపించింది. దాన్ని వేరే ఫైలుగా మార్చి అదే చోట పెట్టి ఎక్స్‌పోర్ట్ చేస్తే మొత్తం మూడు గంటలూ ఏ గొడవా లేకుండా వచ్చేసింది. అర్ధ నిమిషం క్లిప్పు కోసం రెండు ఫార్మాట్లు, ఒక మనిషి 36 ఏళ్ళ జ్ఞాపకం.

షాపువాళ్ళని తిట్టడానికి ఇది రాయట్లేదు. వాళ్ళ వైపు నుంచి కూడా చూడాలి. ఫార్మాట్‌కి ఒక రేటు ఉంది, ఇంత టైం పడుతుందని తెలుసు, అయిపోయాక చూపించడానికి శుభ్రమైన స్క్రీను ఉంది. వెతకడానికి రేటు లేదు. రెండు గంటలు కూర్చుని "ఈ క్లిప్పులో ఉంది తప్పు" అని చూపిస్తే, "గింత దానికి ఐదు వందలా" అని మనమే అంటాం. పని కనిపించేదానికే డబ్బులిస్తాం, ఆలోచనకి ఇవ్వం. అలాంటప్పుడు ఎవడైనా ఫార్మాటే కొడతాడు.

కానీ బొగ్గుబాయి ఊళ్ళో ఈ అలవాటు ఉండడమే నాకు వింతగా అనిపిస్తుంది. ఎందుకంటే "ముందు చూడు, తరువాత ముట్టుకో" అనేది గనుల్లో ప్రాణం పోసే నియమం. షిఫ్టు మొదలయ్యే ముందు మైనింగ్ సర్దార్ పని జరిగే చోటంతా తిరిగి చూస్తాడు. పైకప్పుని కర్రతో కొట్టి చప్పుడు వింటాడు. గట్టిగా ఉంటే ఒక చప్పుడు, లోపల డొల్లగా ఉంటే ఇంకో చప్పుడు. చూసింది రిపోర్టు బుక్కులో రాసి సంతకం పెడతాడు. ఇక ప్రమాదం జరిగితే? 1952లో వచ్చిన గనుల చట్టం 23వ సెక్షన్ ఏం చెప్పిందంటే, ప్రాణం పోయినా, తీవ్రమైన గాయాలైనా, ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసేదాకా లేదా ఒప్పుకునేదాకా ఆ చోటుని కదపకూడదు. మనుషుల్ని కాపాడడానికో, ఇంకో ప్రమాదం జరగకుండా ఆపడానికో అయితే తప్ప. ఎందుకంత పట్టుదల? కూలిన బండ ఎటు కూలింది, సపోర్టు ఎక్కడ విరిగింది అన్నవే కదా కారణం చెప్పేవి. వాటిని ఎత్తి పారేస్తే ఇక మిగిలేది ఊహలే.

ప్రాణాలకీ పెళ్ళి వీడియోకీ పోలికేంటి అనకండి. పోలిక నష్టంలో కాదు, పద్ధతిలో. క్రాష్ అయిన కంప్యూటర్ కూడా ఒక ప్రమాద స్థలమే. ఎక్కడ ఆగింది, ఎప్పుడు ఆగింది, ఏ మెసేజి ఇచ్చింది అన్నవే దాని దగ్గర ఉన్న సాక్ష్యాలు. అవి కొన్ని ప్రశ్నలకి చాలా స్పష్టంగా జవాబు చెప్తాయి. అడగాలంతే.

మొదటి ప్రశ్న: ప్రతిసారీ ఒకే చోట ఆగుతోందా? ఒకే చోట అయితే ప్రాజెక్టులో ఆ చోటున్న క్లిప్పు, ఎఫెక్టు, ట్రాన్సిషన్, టైటిల్... వీటిలో ఒకటి దొంగ. ఫోన్ క్లిప్పుల మీద నాకు అనుమానం ఎక్కువ. మామూలు కెమెరా సెకనుకి 25 అంటే 25 ఫ్రేములే తీస్తుంది. చాలా ఫోన్లు వెలుతుర్ని బట్టి, వేడిని బట్టి ఆ లెక్కని మధ్యలో మారుస్తూ ఉంటాయి. చూడడానికి తేడా తెలియదు, కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు మాత్రం లెక్క తప్పుతాయి. మాట ఒకచోట పెదవులు ఒకచోట అవడం దగ్గర్నుంచి ఏకంగా క్రాష్ దాకా ఏదైనా కావచ్చు. దీనికి మందు, టైంలైన్ మీద వేయక ముందే అలాంటి క్లిప్పుల్ని హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఫ్రేముల లెక్క స్థిరంగా ఉండేలా మార్చుకోవడం. ఐదు నిమిషాల పని.

రెండో ప్రశ్న: ఫైలు సైజుని బట్టి ఆగుతోందా? ఇది సరదా అయిన కేసు. చాలామంది ఎక్స్‌పోర్ట్ నేరుగా పెన్‌డ్రైవులోకే పెడతారు. 32 జీబీ పెన్‌డ్రైవులు ఎక్కువగా ఫ్యాట్32 పద్ధతిలో ఉంటాయి. అందులో ఒక ఫైలు 4 జీబీకి మించి ఉండలేదు, డ్రైవు ఎంత ఖాళీ ఉన్నా సరే. లెక్క వేసుకోండి. సెకనుకి 16 మెగాబిట్ల చొప్పున ఎక్స్‌పోర్ట్ చేస్తే 4 జీబీ నిండేది సుమారు 36 నిమిషాలకి. మూడు గంటల వీడియోలో అది 20 శాతం. ప్రతిసారీ 20 దగ్గరే ఆగుతుంది. చూసేవాడు అక్కడున్న క్లిప్పుదే తప్పనుకుని దాన్ని తీసేస్తాడు, ఇంకోటి పెడతాడు, అయినా 20 దగ్గరే! క్లిప్పుదా డ్రైవుదా తేల్చుకోవడం సులువే: బిట్‌రేటు సగం చేసి మళ్ళీ పెట్టండి. ఆగే చోటు 20 నుంచి 40కి జరిగిందా, తప్పు డ్రైవుది. కదలకుండా అక్కడే ఆగిందా, తప్పు క్లిప్పుది. డ్రైవుదైతే కంప్యూటర్ లోపలి డిస్కులోకి ఎక్స్‌పోర్ట్ చేయండి. పెన్‌డ్రైవుని, అందులో ఉన్నవి ముందు తీసి పెట్టుకుని, ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చండి. అవును, ఇక్కడ మాత్రం ఫార్మాటే మందు. ఏది కొట్టాలో తెలిసి కొడితే నాకేం అభ్యంతరం లేదు :)

మూడో ప్రశ్న: టైముని బట్టి ఆగుతోందా? ఒకసారి 18 శాతం, ఒకసారి 33, ఇంకోసారి 26... కానీ ఎప్పుడూ అరగంట అటూ ఇటూగానే ఆగుతోంది. లేదా పగలు ఆగుతోంది, తెల్లవారుజామున పెడితే పూర్తవుతోంది. అప్పుడు ప్రాజెక్టుని వదిలేసి పెట్టె మూత తీయండి. వేడి అన్నమాట. రామగుండం ఎండ గురించి వేరే చెప్పాలా? వేసవిలో 45 డిగ్రీలు మామూలు మాట. పైన రేకులు, కింద ఇరుకు గది, ఓపెన్‌కాస్టుల నుంచి, లారీల నుంచి వచ్చే బొగ్గు దుమ్ము. ఆ దుమ్ము ప్రాసెసర్ మీది హీట్ సింక్ రెక్కల మధ్య మెత్తలా పేరుకుంటుంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం వెళ్ళదు. ప్రాసెసర్ 100 డిగ్రీల దగ్గరికి వెళ్ళగానే తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ తగ్గకపోతే ఆగిపోతుంది. బ్లోయర్‌తో దుమ్ము కొట్టించడం, థర్మల్ పేస్టు మార్పించడం... వీటికయ్యేది ఫార్మాట్ ఖర్చు కంటే పెద్ద ఎక్కువేం కాదు. పెట్టెతో పాటు వచ్చే చవక ఎస్సెంపీఎస్ కూడా ఇలాగే బరువు పడగానే కళ్ళు తేలేస్తుంది.

నాలుగో ప్రశ్న: మొదట్లోనే ఆగుతోందా, చివర్లో ఆగుతోందా? సున్నా దగ్గరే ఆగితే ఎక్కువగా గ్రాఫిక్స్ కార్డు డ్రైవరో, ఫైలు సేవ్ చేసే చోటో. ఎక్స్‌పోర్ట్ సెట్టింగుల్లో హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ తీసేసి సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడింగ్ పెట్టి చూడండి. నెమ్మదిగా వస్తుంది, కానీ వస్తే తప్పెవరిదో తెలిసిపోయినట్టే. విండోస్‌లో గ్రాఫిక్స్ కార్డు రెండు సెకన్ల పాటు ఉలుకూ పలుకూ లేకపోతే విండోసే దాన్ని రీసెట్ చేసేస్తుంది. ఆ దెబ్బకి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కూలిపోవచ్చు. అది సాఫ్ట్‌వేర్ తప్పులా కనిపిస్తుంది, కాదు. ఇక 99 దగ్గర ఆగితే డిస్కులో చోటు చూడండి. ఎంపీ4 ఫైలుకి విషయసూచిక సాధారణంగా చివర్లో రాస్తారు. అది రాసేలోపు ఆగిపోతే వెనకాల గంటల బొమ్మంతా ఉన్నా ఏ ప్లేయరూ తెరవదు. సగంలో ఆగిన ఫైలు ప్లే అవకపోవడానికి కారణం కూడా ఇదే.

ఈ నాలుగు ప్రశ్నలకీ కొత్త సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు. కాగితం, పెన్ను చాలు. ఇంకొంచెం ఓపిక ఉంటే విండోస్‌లో రిలయబిలిటీ హిస్టరీ అని వెతికి చూడండి. ఏ రోజు ఏ ప్రోగ్రామ్ ఎందుకు కూలిందో తేదీల వారీగా ఎర్ర గుర్తులతో ఉంటుంది. ఫార్మాట్ కొట్టగానే చెరిగిపోయేది ముందుగా ఇదే!

ఇక సగానికి సగం కోయడం గురించి. ప్రోగ్రామర్లకి ఇది ఓనమాలు, బయట ఎందుకు వాడరో నాకు అర్థం కాదు. 180 నిమిషాల ప్రాజెక్టుని రెండు ముక్కలు చేసి మొదటి సగం ఎక్స్‌పోర్ట్ పెట్టండి. పూర్తయితే దొంగ రెండో సగంలో ఉన్నాడు. ఆ సగాన్ని మళ్ళీ సగం చేయండి. 90, 45, 22... అలా ఎనిమిదోసారికి మిగిలేది 42 సెకన్లు. మూడు గంటల్లో 42 సెకన్లు! ఆ ముక్కలో మూడో నాలుగో క్లిప్పులుంటాయి, ఒక్కొక్కటే తీసి చూడొచ్చు. ఇది తెలివితేటల పని కాదు, ఓపిక పని. ఒకటే షరతు: ఒకసారికి ఒకే మార్పు చేయాలి. డ్రైవర్ మార్చి, క్లిప్పు తీసేసి, సెట్టింగు మార్చి, అన్నీ ఒకేసారి చేస్తే బాగవ్వొచ్చు, కానీ ఎందుకు బాగైందో తెలియదు. వచ్చే నెల మళ్ళీ మొదటికే.

ఇవన్నీ చిన్న ఊళ్ళ కష్టాలు అనుకుంటే పొరపాటు. ఇంటెల్ కంపెనీ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ల సంగతి గుర్తుందా? భారీ పని పెట్టగానే ప్రపంచమంతా క్రాష్‌లు. ఆటలు ఆడేవాళ్ళకి వచ్చిన మెసేజి ఏంటంటే "వీడియో మెమరీ చాలలేదు" అని. ఆ మాట నమ్మి జనం గ్రాఫిక్స్ కార్డుల్ని అనుమానించారు, డ్రైవర్లు మార్చారు, విండోస్ మళ్ళీ ఎక్కించారు. చివరికి 2024 జూలైలో ఇంటెలే చెప్పింది, ప్రాసెసర్ లోపలి మైక్రోకోడ్ అవసరానికి మించి వోల్టేజీ అడుగుతోందని. ఆగస్టులో దిద్దుబాటు వచ్చింది, వారంటీ రెండేళ్ళు పెంచారు. అప్పటికే దెబ్బతిన్న చిప్పు మాత్రం ఆ దిద్దుబాటుతో బాగుపడదు, మార్చుకోవాల్సిందే. ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా బాగుపడని జబ్బు ఇది. మెసేజి చూపించిన వేలు ఒకవైపు, దొంగ ఇంకోవైపు. అందుకే మెసేజిని రాసుకోవాలి, కానీ గుడ్డిగా నమ్మకూడదు.

క్రాక్ వెర్షన్ల గురించి ఒక్క మాట అనకపోతే ఈ టపా పూర్తి కాదు. నీతులు చెప్పను. నెలనెలా డాలర్ల లెక్కన కట్టమంటే చిన్న స్టూడియో ఎక్కడ కడుతుంది, ఆ బాధ నాకు తెలుసు. నేను చెప్పేది వేరే. క్రాక్ వెర్షన్‌లో అప్‌డేట్ చేసుకోలేరు, కాబట్టి కంపెనీ దిద్దిన తప్పులు కూడా మీ దగ్గర అలాగే ఉంటాయి. క్రాష్ అయితే కంపెనీని అడగలేరు. ఆ క్రాక్ ఏ ఫైలుని మార్చిందో ఎవరికీ తెలియదు కాబట్టి, తప్పు సాఫ్ట్‌వేర్‌దా క్రాక్‌దా అని తేల్చే దారి మూసుకుపోతుంది. అంటే మీరు డబ్బు మిగుల్చుకుని, వెతికే హక్కు వదులుకున్నారన్నమాట. డావిన్చీ రిజాల్వ్‌కి ఉచిత వెర్షన్ ఉంది. కేడెన్‌లైవ్, షాట్‌కట్ పూర్తిగా ఉచితం. అలవాటు పడడానికి ఒక నెల పడుతుంది, ఒప్పుకుంటాను. పెళ్ళిళ్ళు లేని మూఢం రోజుల్లో నేర్చుకోవచ్చు కదా!

"ఇదంతా చెప్పడానికి బాగనే ఉంటదన్నా, రేపొద్దున డెలివరీ ఇయ్యాలె, గీ ప్రశ్నలకు టైం యాడుంది?" అన్నాడు ఆ స్టూడియో కుర్రాడే. న్యాయమైన ప్రశ్న. దానికి నా జవాబు ఇది. ముందు ప్రాజెక్టు ఫైలుని వేరే పేరుతో సేవ్ చేయండి, అసలుదాన్ని ముట్టుకోకండి. టైంలైన్‌ని ఇరవై నిమిషాల చొప్పున తొమ్మిది ముక్కలుగా ఒకదాని తరువాత ఒకటి ఎక్స్‌పోర్ట్ పెట్టి పడుకోండి. పొద్దున్నకి ఎనిమిది వచ్చి ఉంటాయి, ఒకటి రాదు. దొంగ ఆ ఒక్కదాంట్లో ఉన్నాడు. మిగతా ఎనిమిదీ చేతిలోనే ఉన్నాయి. ఒక్కటీ రాకపోయినా, లేదా ఒక్కో రాత్రి ఒక్కో ముక్క ఆగినా తప్పు ప్రాజెక్టుది కాదు, పెట్టెది. ఎలా జరిగినా మీకు ఏదో ఒకటి తెలుస్తుంది. డెలివరీకి డెలివరీ, వెతుకులాటకి వెతుకులాట. ఫార్మాట్ కొట్టిస్తే పోయే అర పూట కంటే ఇది ఎక్కువ టైమేం తీసుకోదు, పైగా ఏదీ పోదు.

ఇంకో సంగతి. ఈ విషయాలన్నీ ఇంగ్లీషులో బోలెడు దొరుకుతాయి. తెలుగులో సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే వీడియోలు కూడా చాలా ఉన్నాయి, ఎఫెక్టులు ఎలా వేయాలి, టైటిల్స్ ఎలా చేయాలి అని. కానీ అది ఆగిపోయినప్పుడు ఎలా ఆలోచించాలో చెప్పేవి నా కంటికి పెద్దగా కనపడలేదు. మెట్లు మాత్రమే నేర్పితే, ఒక మెట్టు విరిగినప్పుడు జనం మెట్లన్నీ కూలగొట్టి మళ్ళీ కట్టడమే నేర్చుకుంటారు. ఫార్మాట్ అంటే అదే కదా.

అందుకే నేను కోరేది చాలా చిన్నది. ప్రతి స్టూడియోలో ఒక రూళ్ళ నోటుబుక్కు. బాయిలో సర్దార్ రాసే రిపోర్టు బుక్కు లాంటిదే. తేదీ, టైము, ఎన్ని శాతం దగ్గర ఆగింది, ఏ మెసేజి వచ్చింది, ఏం మార్చి చూశాం, ఏమైంది. క్రాష్‌కి ఒక్క లైను. ఆరు నెలలు తిరిగేసరికి ఆ పుస్తకం ఏ షాపువాడి కంటే, ఊరికి పండక్కి వచ్చే ఏ సాఫ్ట్‌వేర్ అన్న కంటే మంచి డాక్టరవుతుంది. ఇక రెండోది మనలాంటి కస్టమర్ల వంతు. ఎవరైనా కూర్చుని వెతికి, కారణం చూపించి, ఏదీ చెరపకుండా బాగు చేసి ఇస్తే, ఆ మనిషికి ఫార్మాట్ రేటు కంటే ఒక వంద ఎక్కువే ఇవ్వండి. వెతకడానికి కూడా ఒక రేటు ఉందని తెలిస్తే వెతికేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే తయారవుతారు.

మీ ఎక్స్‌పోర్ట్ ఎన్ని శాతం దగ్గర ఆగిందో, దొంగ ఎక్కడ దొరికాడో మీరూ రాయండి. తెలుగులోనే రాయండి.